పసుపుబొట్టు బండి

గిరిపురమని ఒకానొక కొండ రాజ్యం. అక్కడ ఒకనాడు పొద్దుపొడిచి సరిగ్గా నాలుగు ఘడియలైనప్పుడు, ఆస్థాన పరీక్షకుడు పేరిభట్టు వీధి అరుగు మీద కూర్చుని విస్తరి కుడుతున్నాడు. ఒక ఆడమనిషి వచ్చి విరిగిన ఇరుసు ముక్కను ఆకుల పక్కన పెట్టింది.

"మీరు రాసింది చదివించుకునే కొన్నాం బాబూ. ఇది కూడా ఒకసారి చదవండి" అంది.

ఆమె పేరు పైడమ్మ. ఆమె మొగుడు దాలయ్య ఉప్పు బండి తోలుతాడు. రాజుగారి కార్ఖానాలో కొన్న కొత్త బండి పదిహేనో రోజున గంటిమెట్ట దిగుతుండగా ఇరుసు విరిగి తిరగబడింది. ఒక ఎద్దు అక్కడే చచ్చిపోయింది. దాలయ్య సంతలో నలుగురి ముందు అది ఉత్త పుచ్చు బండి అన్నాడు. రాజుగారి సరుకును నిందించాడని, కార్ఖానా బాధ్యత చూసే మంత్రి కేశవామాత్యుడు అతన్ని ఠాణాలో పెట్టించాడు. మర్నాడు సభలో విచారణ. నేరం రుజువైతే మొగుడూ పెళ్లాలిద్దరూ రాజ్యం విడిచిపోవాలి.

పేరిభట్టు ముక్కను తిప్పి చూశాడు. పైన నల్లరంగు, లోపల మెత్తటి మామిడికర్ర.

ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ ఉంది. కార్ఖానా కొత్త రకం బండి చేసినప్పుడల్లా మొదటిది పరీక్షకుడి ఇంటికి పంపేవారు. దాంతోపాటు రాజశాల నుంచి రెండు మేలైన ఎద్దులు, ఒక బండివాడు, ఒక శాలువా వచ్చేవి. పరీక్షకుడు పది రోజులు తిరిగి తన అభిప్రాయం రాసేవాడు. దాన్ని సంతలో డప్పు కొట్టించి చదివేవారు. పేరిభట్టు అదే గంటిమెట్ట దిగి వచ్చి, ఇరుసు కిర్రుమనలేదని రాశాడు. అది నిజమే. ఆ ఇరుసు గట్టి చండ్రకర్రది.

పైడమ్మను పంపించి అతను నేరుగా కార్ఖానాకు వెళ్లాడు. అమ్మకానికి పెట్టిన బళ్లు పెరట్లో వరసగా ఉన్నాయి. తను ఎక్కిన బండి మాత్రం విడిగా, పందిరి కింద ఉంది. దాని కాడి చివర చిన్న పసుపుబొట్టు. పది రోజులూ ఆ బొట్టును అతను చూశాడు, శుభానికేమో అనుకున్నాడు. వరసలో ఉన్న బళ్లలో ఒక్కదానికీ బొట్టు లేదు.

మర్నాడు పేరిభట్టు కోరిక మీద ఆ బండినీ, వరసలోంచి ఇంకో బండినీ సభ ముంగిట నిలిపారు. బొట్టున్న బండిని కేశవామాత్యుడు ముందు నిలిపించాడు. దాలయ్య చేతులకు కట్లతో ఒక మూల నిలబడ్డాడు.

"మంత్రిగారూ, ఈ రెంటికీ తేడా ఏమైనా ఉందా?" అని అడిగాడు పేరిభట్టు.

"ఒకే కర్ర, ఒకే కొలత, ఒకే చేతిపని. తేడా ఉందన్నవాడికి కళ్లు లేవన్నమాట" అన్నాడు కేశవామాత్యుడు.

పేరిభట్టు రాజు వైపు తిరిగాడు. ఆ రాజు అనంగభూపాలుడు తన బళ్లంతటివి చుట్టుపక్కల ఏ రాజ్యంలోనూ లేవని రోజుకోసారైనా చెప్పేవాడు. పల్లకీ తప్ప ఏదీ ఎక్కి ఎరగడు. పరీక్షకుడి రాతలు ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ప్రభువులే స్వయంగా బండెక్కి గంటిమెట్ట దిగి వస్తే ఇక ఎవడూ నోరెత్తడని పేరిభట్టు విన్నవించాడు. రాజుకు ఆ ఆలోచన నచ్చింది. కిరీటం సర్దుకుని లేచాడు. పేరిభట్టు ఆయన్ని వెనక బండి దగ్గరికి తీసుకెళ్లాడు.

"అది కాదు ప్రభూ, ముందుది ఎక్కండి" అన్నాడు మంత్రి.

"ఏం?"

"దుమ్ము పట్టి ఉంది."

పేరిభట్టు తన ఉత్తరీయంతో బండి తుడిచాడు. రాజు మళ్లీ కాలెత్తాడు. ఆ ఎద్దులు పొగరుబోతులని మంత్రి అన్నాడు. పేరిభట్టు ముందు బండి ఎద్దుల్ని విప్పించి వెనక బండికి కట్టించాడు. అందుకు కొంతసేపు పట్టింది.

రాజు మూడోసారి కాలెత్తగానే మంత్రి వచ్చి చక్రం పట్టుకున్నాడు.

"వద్దు ప్రభూ. ఇది మెట్ట దిగదు."

"తేడా ఉందన్నవాడికి కళ్లు లేవన్నారు. తమకు మూడుసార్లు కనిపించింది" అన్నాడు పేరిభట్టు.

రాజు కాలు దించి నవ్వాడు. సభంతా నవ్వింది. కాసేపటికి మంత్రి కూడా నవ్వాడు. దాలయ్య నవ్వలేదు.

"మరి నువ్వూ పొగిడావు కదయ్యా?" అన్నాడు రాజు.

"నేనెక్కిన బండిని పొగిడాను ప్రభూ. దాలయ్య కొన్న బండి గురించి ఎవరూ రాయలేదు. నేను అడగనూ లేదు."

రాజు తన చేతి కడియం తీసి పేరిభట్టుకు తొడిగాడు. దాలయ్య కట్లు విప్పించి, అతనికి ఒక ఎద్దునూ, కార్ఖానా నుంచి కొత్త బండినీ ఇమ్మన్నాడు. మంత్రిని ఏమీ అనలేదు. ఇంతగా నవ్వించినవాణ్ణి ఏమంటామన్నాడు. ఇకమీదట పరీక్షకుడి ఇంటికి బండి పంపకూడదని, అతనే పెరట్లోకి వెళ్లి తనకు నచ్చినది తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు.

కేశవామాత్యుడు వినయంగా చేతులు కట్టుకుని ఒక్క సందేహం అడిగాడు. ఆ ఏరుకోవడానికి పెరట్లో ఎన్ని బళ్లు ఉంచమంటారని.

"పది" అన్నాడు రాజు.

పైడమ్మ ఆ సాయంత్రమే కొత్త బండెక్కి మొగుడితో ఊరికి వెళ్లింది. వెళ్తూ పేరిభట్టు అరుగు ముందు బండి ఆపించి, దిగి దండం పెట్టింది.

ఆ తర్వాత తొమ్మిదో రోజున పేరిభట్టు బండి ఏరుకోవడానికి కార్ఖానాకు వెళ్లాడు. ఒక్కొక్క ఇరుసు మీదా కత్తిమొనతో రంగు గీకి చూశాడు. పదీ చండ్రకర్రవే. ఆ పదింటినీ ఈ వారంలోనే ప్రత్యేకంగా చేయించారని అక్కడి ముసలి వడ్రంగి చెప్పాడు. దాలయ్యకిచ్చిన బండి పాత వరసలోది.