అందరి పనీ అయిపోయిన ఇల్లు

చోడవరంలో బండారు పరదేశి ఇంట్లో తెలివికి కరువు లేదు. ఆ మాట ఊరు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. పరదేశి, పెళ్ళాం సత్తెమ్మ, ముసలి తల్లి ఎర్రమ్మ, కొడుకు కొండలు, కూతురు రత్నమాల. "చెప్పిన మాట చెప్పినట్టు పట్టుకోడంలో మనకి సాటి లేరు" అని భోజనాల దగ్గర ఒకర్నొకరు మెచ్చుకునేవారు.

అందరిలోకీ రత్నమాల మరీ తెలివైంది. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని కంప్యూటర్ తనకి తానే నేర్చుకుంది. పాత మిషనొకటి తెచ్చి, డబ్బు కట్టక్కర్లేని లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. బజార్లో కంప్యూటర్ సెంటరు నడిపే పద్మలోచని మేడమ్ ఆమెకో మాటిచ్చింది.

"ఈ కొత్త కంప్యూటర్ భాష సరంజామా అంతా ఊరికే దొరుకుతుందమ్మా. కాకపోతే వండిన అన్నం కాదు, బియ్యం. నీ మిషన్ మీద నువ్వే కంపైల్ చేసుకోవాలి. తెర మీద ఏం వస్తే అది చదువుకుని, అది చెప్పినట్టు చెయ్యి. సాయంత్రం వచ్చి చూస్తాను. అయ్యుంటే మా సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగం నీదే."

ఆ ఉద్యోగం తప్ప రత్నమాలకి కలలో కూడా ఇంకోటి రావడం లేదు. పొద్దున్నే మొదలెట్టింది. 'అనుమతి లేదు' అంది తెర. అంతే, తండ్రిని పిలుచుకొచ్చింది. పరదేశి కండువా సర్దుకుని, "ఇచ్చేను, కానీ" అన్నాడు తెరతో. అది మళ్ళీ లేదంది.

"ఈ ఇంట్లో నీ మాట ఎవులిన్నారని అది వింటాది," అంటూ సత్తెమ్మ ముందుకొచ్చింది. "నాను సెప్తన్నాను, కానియ్యి."

పనిలో పనిగా రత్నమాల పాస్‌వర్డు కొట్టింది. పని మొదలైంది. ఇంకేముంది, అమ్మంటే మిషన్‌కి కూడా భయమేనని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

తెర మీద వరసలు గబగబా పరిగెత్తాయి. రత్నమాల ఒక్కోటీ తెలుగు చేసి వినిపిస్తోంది. "హెచ్చరిక. ఇక్కడ ఒకటి ఉంది గానీ, ఎక్కడా వాడటం లేదు."

అందరూ పరదేశి వైపు చూశారు.

"నన్నేటి సూస్తారు?"

"హెచ్చరిక వచ్చాక ఊరుకుంటే నా ఉద్యోగం ఏం కావాలి నాన్నా?" అంది రత్నమాల.

అంతే, అతని చేతికి రోకలిచ్చారు. దంచడానికి ఏమీ లేదంటే, ఉత్త రోలే దంచమన్నారు.

రోలు బీటలు వారేసరికి ఇంకోటి వచ్చింది. "హెచ్చరిక. ఇది పాతబడింది. ముందు ముందు తీసేస్తారు."

ఎర్రమ్మ నోట్లో చుట్ట జారి పడింది. "ఎవులే తీసీది? నానింకా ఈయేడు మావిడిపళ్ళే తిన్నేదు."

"పాతది కనబడితే గదా తీసీడానికి," అన్నాడు కొండలు. ఇంకేముంది, పొయ్యి మసి తెచ్చి ముసలామె నెత్తికి పూశారు. రత్నమాల చిన్నప్పటి స్కూలు గౌను తొడిగారు. గుండీ ఊడిపోతుందని ఎర్రమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. మళ్ళీ ఆ హెచ్చరిక రాలేదు.

"సూసేవా మామ్మా, నమ్మీసింది," అన్నాడు కొండలు.

సాయంత్రానికి పని నిజంగానే పూర్తయింది. రత్నమాల కళ్ళు చెమర్చాయి. అయినా అనుమానం తీరక, కంపైల్ చెయ్యమన్న ఆ ఆదేశాన్నే ఇంకోసారి కొట్టింది. పని ముందే అయిపోయింది కనక, తెర ఒక్క వరస రాసి ఊరుకుంది. రత్నమాల డిక్షనరీ తిరగేసి చదివింది. "అందరికీ, చెయ్యవలసింది ఏమీ లేదు."

అంతే. సత్తెమ్మ ఉడుకుతున్న అన్నం పొయ్యి మీదే వదిలేసి కూలబడింది. కొండలు నూతి దగ్గర తలంతా సబ్బుతో నిలబడిపోయాడు. పరదేశి ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఉంచాడు.

"దించవేటి?" అంది సత్తెమ్మ.

"దించడం పని కాదేటి?"

తలుపు చప్పుడైంది. "రత్నమాలా, పద్మలోచనిని. అయిందా?"

"అయింది మేడమ్."

"శభాష్. తలుపు తియ్యి."

రత్నమాల లేవబోయింది. "పిల్లా, మిషనేటి సెప్పింది?" అంది తల్లి. రత్నమాల తెరకేసి చూసింది, తలుపుకేసి చూసింది. ఉద్యోగం గడప అవతలే ఉంది. కానీ మాటంటే మాటే.

"తియ్యడానికి లేదు మేడమ్. మా అందరికీ చెయ్యాల్సింది ఏమీ లేదు."

మేడమ్ ఇంకోసారి తలుపు తట్టింది. "అయితే ఉద్యోగం వేరే వాళ్ళకి ఇచ్చెయ్యనా?"

"ఆ పని మీది కదా మేడమ్. మీరే చేసుకోండి."

చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళింది. ఇల్లంతా మాడు వాసన నిండింది.

"పాపం," అన్నాడు పరదేశి, రోకలి గాల్లోనే ఉంచి. "అంత సదువు సదివింది గానీ, ఆవిడకింకా పనవనేదు."