పొగమంచు కొండ మీది చిలక

అనగా అనగా ఓ రాజు. పేరు నీలధ్వజుడు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ముగ్గురు కొడుకులున్నారు. లేనిదల్లా ఎండ! ఊరి వెనక కొండ మీద ధూమకేశి అనే మాంత్రికుడు మకాం పెట్టి, రాజ్యం మొత్తాన్ని పొగమంచుతో కప్పేశాడు. ఉతికిన బట్ట ఆరదు, పెట్టిన వడియం ఎండదు. రాజుగారి కిరీటానికే బూజు పట్టిందంటే చూసుకోండి మరి!

అవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. రాణిగారి దగ్గు మాత్రం సర్దుకునేది కాదు. చెమ్మగాలి ఛాతీలో చేరి, మనిషి చిక్కి శల్యమైపోయింది.

"నా దగ్గరున్న మందులన్నీ అయిపోయాయి మహారాజా! ఆవిడకి ఎండ తగలాలి. లేకపోతే ఈ నెల గడవడం కష్టం" అన్నాడు వైద్యుడు.

పెద్ద రాజకుమారుడు కత్తి పట్టుకుని కొండెక్కాడు. తిరిగి రాలేదు. రెండోవాడు బల్లెం పట్టుకుని కొండెక్కాడు. వాడూ తిరిగి రాలేదు. ఇక మిగిలింది చిన్నవాడు మణిధరుడు.

"నేను వెళ్తానమ్మా" అన్నాడు.

రాణి దగ్గుతూనే జొన్నపేలాలు, బెల్లం మూటగట్టి ఇచ్చింది. "పొద్దుగూకేలోగా వచ్చెయ్ నాయనా. చీకటి పడితే ఆ కొండ ఎవర్నీ వదలదట" అంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఎదురైనా ముందు "తిన్నావా?" అని అడగాలి. ఏ మాటైనా ఆ తర్వాతే. తగువుకొచ్చినవాడైనా సరే, ముందు తిన్నావా అని అడిగి, ఆ తర్వాతే జుట్టు పట్టుకోవాలి! హడావుడిలో పెద్దవాళ్లు మర్చిపోయేవారు గానీ, రాణిగారూ, మణిధరుడూ ఎప్పుడూ మర్చిపోలేదు.

తెల్లవారుతూనే బయల్దేరాడు. చాపిన చెయ్యి చాపినవాడికే కనపడదు. చెట్లు టపటపమని నీళ్లు కారుస్తున్నాయి. కొంత దూరం ఎక్కేసరికి పిక్కకు జలగ పట్టుకుంది. ఇంకొకడైతే పీకి విసిరేసేవాడే. మణిధరుడు వంగి చూసి, "తిన్నావా?" అన్నాడు.

"తింటూనే ఉన్నాను కదయ్యా" అంది జలగ సిగ్గుపడిపోతూ. "నన్ను ఇంతవరకూ ఆ మాట అడిగినవాళ్లు లేరు. సెలయేటి చప్పుడు ఎడమచెవికి వినపడేలా నడు. దారి తప్పవు."

అలాగే నడిచాడు. బండ మీద కప్ప కనపడింది.

"తిన్నావా?"

"దోమలు తిన్నాను బాబూ, చల్లగా ఉండు! పచ్చటి బండల మీద కాలు పెట్టకు, జారతాయి. నల్లటి వాటి మీదే అడుగెయ్యి."

అలాగే అడుగేశాడు. ఈసారి మంచులోంచి ఓ మేక మూతి బయటికొచ్చింది.

"తిన్నావా?"

"నేను తినని వేళ ఎప్పుడు?" అంది మేక, మణిధరుడి ఉత్తరీయం అంచు నములుతూ.

వెనకే గొంగడి కప్పుకున్న ఓ పిల్ల వచ్చింది. పేరు ఇప్పి. మేకలు కాచుకుంటుంది. "తిన్నావా అబ్బాయ్?" అని తనే ముందడిగి, ముంతలోంచి వేడివేడి రాగి సంకటి పెట్టింది. ఆ చలిలో ఆ ముద్ద గొంతు దిగుతుంటే మణిధరుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మాంత్రికుడి ప్రాణం శిఖరం మీద ఓ చిలకలో ఉందట. నా మేక తోక పట్టుకో, తీసుకెళ్తాను" అంది ఇప్పి.

ఎక్కారు, ఎక్కారు, ఎక్కారు. శిఖరం దగ్గర తడి చేతిలోంచి తోక జారిపోయింది. చుట్టూ తెల్లటి మంచు, అంతే. అప్పుడు మంచులోంచి అమ్మ గొంతు వినిపించింది.

"నాయనా, ఇటు రా! దారి ఇటే, త్వరగా రా!"

మణిధరుడి గుండె ఎగిరి గంతేసింది. అడుగు ఎత్తేశాడు. ఎత్తిన అడుగు అలాగే ఆపేశాడు. పొద్దుట్నుంచీ కొండెక్కి వచ్చిన కొడుకుని, తిన్నావా అని అడక్కుండా మా అమ్మ పిలుస్తుందా? ఛస్తే పిలవదు!

కాలితో ఓ రాయిని ముందుకు నెట్టాడు. రాయి పడిపోయింది. కిందపడ్డ చప్పుడు మాత్రం ఎంతకీ రాలేదు. అంత లోతు లోయ అది!

చెమటలు తుడుచుకుని, "నువ్వు మా అమ్మవి కావు. ఎవరివైనా సరే, ఇంతకీ నువ్వు తిన్నావా?" అన్నాడు.

ఈసారి మంచులోంచి సన్నటి గొంతు పలికింది. "లేదు. తిని ఎన్నేళ్లయిందో! తింటే బలమొచ్చి ఎగిరిపోతానని ధూమకేశి నాకు మంచునీళ్లే పోస్తాడు. కొండెక్కినవాళ్లని దారి తప్పించమని, వాళ్లవాళ్ల గొంతులతో నాచేత ఇలా పిలిపిస్తాడు."

మణిధరుడు గుప్పెడు పేలాలు చాపాడు. బక్కచిక్కిన చిలక వచ్చి అరచేతిలో వాలింది. తింది, తింది, తింది. అది చూసి ధూమకేశి ఉరుముకుంటూ వచ్చాడు.

"నా చిలకను నాకిచ్చెయ్!"

"కడుపు నిండాక నీ బరువు నేనెందుకు మొయ్యాలి?" అని, చిలక మాంత్రికుడి ప్రాణాన్ని జామగింజలా ఉమ్మేసింది. ఆ గింజ వెళ్లి మేక ముందు పడింది. మేక సంగతి మీకు తెలుసుగా! కరకరా నమిలేసింది. ధూమకేశి కెవ్వుమని అరిచి ఆవిరైపోయాడు.

పొగమంచు విడిపోయింది. చూస్తే ఏముంది, అన్నలిద్దరూ చిలక పిలుపులకు తిరిగి తిరిగి, కాలిబాటకు నాలుగడుగుల దూరంలోనే కూర్చుని ఏడుస్తున్నారు!

అందరూ పొద్దు వాలకముందే కొండ దిగారు. రాణిగారిని వసారాలో కూర్చోబెడితే సాయంత్రపు ఎండ ఆవిడ ఒళ్లోకొచ్చి పడింది. మణిధరుడు కొండవైపు తిరిగి, జలగకీ, కప్పకీ, మేకకీ, చిలకకీ పేరుపేరునా దణ్ణం పెట్టాడు. ఇప్పికి మాత్రం పెట్టలేదు. "మా ఇంటికి కోడలిగా వస్తావా?" అని అడిగాడు. "మేకలతో సహా అయితే వస్తా" అంది ఇప్పి.

పెళ్లి శిఖరం మీదే చేశారు. రాణిగారికి పల్లకీ తెస్తే వద్దంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కింద నుంచి పైదాకా ఎక్కి, ఒక్కసారైనా దగ్గకుండా, కొడుకు నెత్తిన అక్షింతలు వేసింది.