ముందూ వెనకా లేని పంటు

“ఈ పంటుకు ముందూ వెనకా ఉండవు. రెండు గట్లూ నాకు ఒక్కటే.”

కార్తీక పున్నమి నాడు పంటును ఏటిలోకి దించినప్పుడు రాజు అన్న మాట ఇది. లంకవైపు పలక మీద, బయటికి కనిపించేలా ఎర్రరంగుతో రాయించాడు కూడా.

అంతకుముందు ఆ ఏటిలో రెండు పడవలుండేవి. ఒకటి రాజు కోట ఉన్న గట్టుది, ఒకటి ఎదుటి లంక ఊరిది. వాటి మీద మనుషులు దాటేవారు గాని బళ్లు దాటేవి కావు. ఎవరికో తోచి రెండింటినీ పక్కపక్కన కట్టి పైన చెక్కలు పరిచారు. అదే పంటు అయింది. రెండు కొసలా గొలుసులతో దించే పలకలు పెట్టారు. ఒక పలక మీదుగా ఎక్కిన బండి రెండో పలక మీదుగా తిన్నగా దిగిపోయేది. ఎద్దును వెనక్కి నడిపించే పని లేదు, పంటును తిప్పే పనీ లేదు. ఏటికి అడ్డంగా కట్టిన మోకు పంటు అంచున ఉన్న కప్పీల్లోంచి పోయేది. దాన్ని చేతుల్తో లాగితే పంటు కదిలేది. ఎక్కిన ప్రతివాళ్లూ మోకు మీద చెయ్యి వెయ్యాలి. అది ఆ రేవు కట్టుబాటు.

పంటు నడిపే సరంగుది లంకే. అతనికి ఒక అక్క ఉంది. చిన్నతనంలోనే కాళ్లు పడిపోతే మూడు చక్రాల బండిలో కూర్చుని, చేతుల్తో తోసుకుంటూ తిరిగేది. తుంగచాపలు అల్లేది. పడవల రోజుల్లో ఆమె కోటగట్టున సంతకు వెళ్లాలంటే ఇద్దరు మనుషులు ఎత్తి పడవలో పెట్టాల్సి వచ్చేది. పంటు వచ్చాక తనే ఎక్కింది, తనే దిగింది.

“ఆ మీసం దువ్వుకోవడం దేనికిరా? మోకు నేనూ లాగాను” అంది తమ్ముడితో, మొదటిసారి అవతలి గట్టున దిగుతూ.

రాజు మొదటిసారి పంటెక్కినప్పుడు మోకు పట్టుకోబోయాడు. “అయ్యో, తమరెందుకండీ” అన్నారంతా. అన్నవాళ్లలో సరంగూ ఉన్నాడు. ఊరికే నిలబెట్టడం బాగోదని లంకవైపు కొసన కుర్చీ వేశారు. కోట కనిపించడం లేదంటే కుర్చీని కోటవైపు తిప్పి బిగించారు. అప్పుడు లంక గాలి రాజుగారి వీపుకు కొడుతోందన్నారు. లంకవైపు పలకను పైకెత్తి, మేకులు కొట్టి, గోడ చేశారు.

అంతా మర్యాదగానే జరిగింది. ఎవరూ ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టలేదు.

ఆ తర్వాత పంటు లంక దాకా వచ్చేది, ఆగేది, వెళ్లిపోయేది. ఒంట్లో సత్తువున్నవాళ్లు మొలలోతు నీళ్లలో దిగి, పక్క అంచు పట్టుకుని పాకేవారు. బళ్లు రేవులోనే నిలిచిపోయాయి. అరటిగెలలు బళ్లలోనే మగ్గి కుళ్లాయి. కోటలో దండోరావాడు మాత్రం “ప్రజల పంటు, ప్రజల పంటు” అని చాటుతూనే ఉన్నాడు. ఆ మాట అబద్ధం కాకూడదని, పంటు రోజూ లంకను తాకి రావాలని ఆజ్ఞ.

పలక మళ్లీ దించమంటారా అని సరంగు ఒకసారి ధైర్యం చేసి అడిగాడు.

“గాలి తగ్గాక చూద్దాం” అన్నాడు రాజు.

ఏటి మీద గాలి తగ్గడం ఎవరూ చూడలేదు.

రానురాను సరంగు ఒక్కడే ఖాళీ పంటును లాగుకుంటూ లంకకు వచ్చేవాడు. పక్కన ఇంకో చెయ్యి లేనప్పుడు మోకు ఎంత బరువో అతనికి అప్పుడే తెలిసింది. గోడ చెక్కల సందులోంచి చూస్తే, ఒకప్పుడు పలక ఆనిన చోట అక్క బండి కనిపించేది. ఆమె పాపిట కనిపించేది. ముఖం కనిపించేది కాదు.

“మేం ఎత్తి ఎక్కిస్తామే అక్కా” అన్నాడొకనాడు సందులోంచి.

“ఎత్తించుకుని ఎక్కడానికి పాత పడవే చాలదట్రా? నేనేమన్నా అరటిగెలనా?”

“పోనీ, మేకులు పీకేస్తాను.”

“పీకు. రేపు మళ్లీ కొడతారు. సుత్తి వాళ్లది. ఈ గోడ మీది మాట ఎన్నాళ్ల నుంచో నేనే చదువుతున్నానురా. రాయించినవాడు ఒక్కసారన్నా చదివాడంటావా?”

సరంగు కోటవైపు కొసకు వెళ్లి, అక్కడి కప్పీలోంచి మోకు తప్పించాడు.

లంకలో కుర్రకారు పరుగెత్తుకొచ్చారు. “మోకు లాగేవాడిదే పంటు” అని పిడికిళ్లెత్తి నినాదాలు మొదలెట్టారు.

“ముందు దాన్ని తిప్పండ్రా. తర్వాత అరుద్దురు గాని” అంది అక్క. ఒకణ్ణి పంపి సున్నం తెప్పించింది. గోడ దగ్గరకు బండి పోనిచ్చి, కింది భాగాన వేలితో ఏదో రాసింది. “ఇప్పుడు తిప్పండి.”

ఒక కొస విడిపోయిన పంటును ఏరు తలుపును తోసినట్టు తోసింది. గట్టు మీదివాళ్లు తాళ్లు వేసి మిగతాది లాగారు. సరంగు కప్పీలు ఊడదీసి రెండో అంచుకు బిగించాడు. కోటను చూసే పలక లంక నేల మీద ఆనింది. అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. వెనకే బళ్లన్నీ ఎక్కాయి. రాజు కుర్చీ ఇప్పుడు లంకను చూస్తోంది. అందులో ఎవరూ కూర్చోలేదు.

నడిఏటిలో సరంగుకు ఒక సంగతి తట్టింది. మోకు మీద చెయ్యి ఆగిపోయింది.

“అక్కా, గోడ ఇప్పుడు అటువైపుంది. నువ్వు సంతలో దిగలేవే.”

“తెలుసురా” అంది ఆమె మోకు లాగుతూనే. “నా బండిలో అమ్మే చాపలున్నాయా, చూడు.”

లేవు.

కోటరేవులో భటులు, వాళ్ల వెనక రాజు ఎదురుచూస్తున్నారు. పంటు వచ్చి గట్టుకు ఆనింది.

“పలక దించు” అన్నాడు రాజు.

“దిగదు మహాప్రభూ” అన్నాడు సరంగు గోడ వెనకనుంచి. “తమరే మేకులు కొట్టించారు.”

“అయితే మామూలుగా తిప్పు.”

“మామూలంటే ఎటండీ?” అంది గోడ వెనకనుంచే ఒక ఆడగొంతు.

రాజు తలెత్తాడు. ఎండకు వెలిసిన ఎర్ర అక్షరాల్లో తన మాట కనిపించింది. దాని కింద సున్నపు అక్షరాలు ఇంకా తడారలేదు. అవి కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో ఉన్నాయి. చదవడానికి రాజు వంగాల్సి వచ్చింది.

“ఈ మాట నిజమా, కాదా? వచ్చే కార్తీక పున్నమి నాడు పొద్దుగుంకేలోపు జవాబు చెప్పాలి.”