విశల్యాదేవి కర్కటాసురుణ్ణి లొంగదీసిన వృత్తాంతం

పూర్వం త్రేతాయుగారంభంలో, సుప్రభానదీ తీరాన ప్రియంకరమనే నగరాన్ని రాజధానిగా చేసుకొని, సత్యసంధుడూ ప్రజావత్సలుడూ అయిన ధృతవ్రత మహారాజు ధర్మం తప్పక రాజ్యమేలుతూ ఉండేవాడు. ఆ రాజేంద్రుడు యౌవనంలో ఒకసారి, దావాగ్నిలో చిక్కుకున్న వనవాసులను కాపాడడానికి తానే పొగలోకి చొరబడి, అందరినీ బయటికి చేర్చి, ఆ విషధూమాన్నంతా గుండెల నిండా పీల్చుకున్నాడు. చాలా ఏళ్లు గడిచాక ఆయన ఊపిరితిత్తులలో, ఆయన దేహకణాల నుండే కర్కటుడనే అసురుడు పుట్టి, ఎండ్రకాయలా నలువైపులకూ కాళ్లు చాచుకొంటూ పెరగసాగాడు.

సింహాసనం మెట్లెక్కడానికే మహారాజుకు ఆయాసం రావడం చూసి తల్లడిల్లిన మంత్రి సుకేతనుడు, ఓషధీతత్త్వమెరిగిన తపస్విని విశల్యాదేవిని ఆశ్రయించాడు. ఆమె దేవవైద్యులైన అశ్వినీదేవతలను ఉపాసించి, ద్వారబంధిని అనే తీగను సాధించి తెచ్చింది.

"మహారాజా, ప్రతి కణానికీ ఒక ద్వారం ఉంది. 'పెరుగు' అనే ఆజ్ఞ దాని గుండానే లోపలికి పోతుంది. కర్కటుడి సంతతికి ఆ ద్వారం మూతపడదు. ఈ తీగరసం ఆ తలుపు గడియలో కూర్చొని దాన్ని బిగిస్తుంది" అని చెప్పి, రసం తీసి తాగించింది. కొద్ది రోజులకే దగ్గు తగ్గింది, ముఖాన తేజస్సు తిరిగి వచ్చింది. నగరమంతా తోరణాలు కట్టుకుంది.

అయితే ఏడాది తిరిగేసరికి దగ్గు మళ్లీ మొదలైంది. విశల్య రసం మోతాదు పెంచింది. మహారాజు చర్మం పగిలింది, తిన్నది ఇమడలేదు. అసురుడు మాత్రం పెరుగుతూనే ఉన్నాడు.

సుకేతనుడు సభలోనే మండిపడ్డాడు. "అమ్మా! తీగ కల్తీదా, లేక నీ తపస్సే తరిగిపోయిందా?"

అప్పుడు ధృతవ్రతుడు దిండుకు ఆనుకొని, మాట మాటకూ ఆగుతూ ఇలా అన్నాడు: "సుకేతనా, ఆమెను ఏమీ అనకు. ఈ ఏడాదిగా నేను పీల్చిన ప్రతి శ్వాసా ఆమె పెట్టిన భిక్షే. తల్లీ, మందు ఓడిందని కుమిలిపోకు. ఎందుకు ఓడిందో కనుక్కో."

ఆ మాటకు ఆమె కళ్లు చెమర్చాయి. నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా నిందించడానికి బదులు కారణం వెతకమన్న ఆ ధీరుడికి మనసులోనే నమస్కరించి, యోగబలంతో సూక్ష్మరూపం ధరించి, ఆయన పీల్చిన గాలితో పాటు లోపలికి ప్రవేశించింది. అక్కడ తన సేన నడుమ కొండంత ఎత్తున కూర్చున్న కర్కటుడు ఆమెను చూసి నవ్వాడు.

"రా తల్లీ! నీ తీగ నా బిడ్డల్లో చాలామందిని మట్టుపెట్టింది. పెరిగేవాళ్లను పట్టి చంపడమే దాని విద్య. అందుకని కొందరు పెరగడం మానేసి, చచ్చినట్టు పడి నిద్రపోయారు. వాళ్లను అది తాకలేకపోయింది. తరువాత లేచి వాళ్లు కన్న బిడ్డల్లో ఒకడు గడియ ఆకారం మారి పుట్టాడు, నీ రసం అందులో ఇమడలేదు. ఇంకొకడు పక్కగోడకు కన్నం వేసి, ఆజ్ఞను అటునుంచి రప్పించుకున్నాడు. నీ ఎదుటనున్న సేనంతా వాళ్ల వంశమే."

"ఇదంతా నీ పన్నాగమా?"

"పన్నాగమేమిటి! మేము లెక్కకు మిక్కిలిగా పుడతాం. పుట్టినప్పుడల్లా ఏదో ఒక తేడా. పనికివచ్చే తేడా ఉన్నవాణ్ణి ఏరి మిగిల్చింది నీ మందే."

శత్రువే అయినా ఆ ప్రాణశక్తిని విశల్య మెచ్చుకోకుండా ఉండలేకపోయింది. "ఈ దేహం కూలితే నీకూ చోటుండదు కదా, నాయనా?" అంది.

కర్కటుడి నవ్వు ఆగిపోయింది. "ఆగడం మాకు తెలియదు తల్లీ" అన్నాడు.

ఆమె వెలుపలికి వచ్చి నిరాహారయై ఘోరతపస్సు చేయగా, అశ్వినీదేవతలు బంగారు రథంపై ప్రత్యక్షమై, "సర్వదాహిని అనే మహౌషధం ఇస్తాం. ఒక్క కణమూ మిగలదు" అన్నారు.

"స్వాములారా, అప్పుడు మహారాజూ మిగలరు. మారిన గడియకు సరిపడే రసం ఒకటి, పక్కదారిని మూసే రసం ఒకటి ఇప్పించండి. రెండూ ఒకేసారి ఇస్తాను. ఒకదాన్ని తప్పించుకున్నవాడు రెండోదానికి చిక్కుతాడు. కర్కటుడు ఇంటిలోనే పుట్టినవాడు కనుక దేహరక్షక కణాలు వాణ్ణి చుట్టమనుకొని వదిలేస్తున్నాయి. వాటికి చూపు ప్రసాదించండి."

దేవవైద్యులు పరమానందభరితులయ్యారు. "విశల్యా! అందరూ ఇంకా బలమైన మందు కావాలంటారు. నువ్వు శత్రువును తెలుసుకొని వచ్చి అడిగావు. కోరినవన్నీ ఇచ్చాం. వాడు రూపు మార్చినప్పుడల్లా దానిని కనిపెట్టే బుద్ధి నీ శిష్యపరంపరకు తరగకుండా ఉండుగాక!" అని వరమిచ్చి అంతర్ధానమయ్యారు.

రెండు రసాలూ ఒకేసారి పడగానే అసురసేన కూలింది. చూపు వచ్చిన రక్షకకణాలు మిగిలినవాళ్లను తరిమాయి. వసంతం వచ్చేసరికి ధృతవ్రతుడు ఎవరి ఆసరా లేకుండా సింహాసనం ఎక్కాడు. సుకేతనుడు అందరి ముందూ విశల్య పాదాలకు మొక్కాడు.

"తల్లీ, కర్కటుడు పూర్తిగా చచ్చాడా?" అని అడిగాడు మహారాజు.

ఆమె అబద్ధమాడలేదు. "ఎక్కడో ఒకడు నిద్రపోతూ ఉండవచ్చు మహారాజా. నేను మేలుకొని ఉంటాను."

ధృతవ్రతుడు హాయిగా, గుండెల నిండా ఊపిరి తీసుకొని, ప్రజల వ్యాజ్యాలు వినడానికి సభ తెరిపించాడు.