ఒకటి ఎందుకు తీసేస్తాం సార్?

హేమసుందర్‌కి తన గురువుగారి చేత ఒక ఉత్తరం మీద సంతకం పెట్టించుకోవాలి. గడువు ఆ సాయంత్రమే. అడగడానికి మాత్రం పది రోజులుగా నోరు రావడం లేదు.

యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పే పొట్నూరు హేమసుందర్ అంటే చుట్టుపక్కల మూడు జిల్లాల్లోనూ పేరే. 'సులువుగా స్టాటిస్టిక్స్' అని యూట్యూబులో ఛానెల్ పెట్టాడు. యాభై వేల మంది చేరారు. తన క్లాసులన్నిటినీ కలిపి వాట్సాప్‌లో 'స్టాట్స్ ఫ్యామిలీ' అని గ్రూపు పెట్టాడు. వీడియో చూసి, లైకు కొట్టి, దాని స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టినవాళ్లకి ఆ రోజు హాజరు పడుతుంది. దాంతో హాజరు నూటికి తొంభై ఎనిమిది దాటింది. వైస్ ఛాన్సలర్ గారు మీటింగులో నిలబెట్టి మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఎవరో ఒక సంస్థ వాళ్లు 'డిజిటల్ గురు' అని రాష్ట్రస్థాయి పురస్కారం ఇస్తామన్నారు. దరఖాస్తులో ఒక మెలిక పెట్టారు. అభ్యర్థి తనకి చదువు చెప్పిన గురువు నుంచి ప్రశంసాలేఖ తేవాలట.

హేమసుందర్ గురువు గేదెల అప్పలస్వామి మాష్టారు. రిటైరై తొమ్మిదేళ్లయినా పొద్దున్న పదయ్యేసరికి డిపార్ట్‌మెంటు లైబ్రరీలో మూల బల్ల దగ్గర ఉంటారు. ఎవరొచ్చి ఏ లెక్క అడిగినా చెబుతారు. ఆయనకీ వాట్సాప్ ఉంది. ఎవరైనా దూరం నుంచి లెక్క ఫొటో తీసి పంపితే, కాగితం మీద చేసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి తిప్పి పంపుతారు. ఒక్కోసారి ఫొటో తలకిందులుగా వెళ్తుంది. అవతలివాళ్లు ఫోను తిప్పి చదువుకుంటారు.

హేమసుందర్ మధ్యాహ్నం మూడింటికి వెళ్లాడు.

"రారా హేమా. ఏటి సంగతి?"

"ఒక చిన్న పని మాష్టారూ. మీరేం రాయక్కర్లేదు. అంతా టైపు చేయించి తెచ్చాను. కింద సంతకం పెడితే చాలు."

మాష్టారు కళ్లజోడు సర్దుకుని కాగితం చదివారు. ఒకచోట ఆగి పైకి చదివారు. "'సామాజిక మాధ్యమాల ద్వారా ఉన్నత విద్యను ప్రతి విద్యార్థి అరచేతిలోకీ తెచ్చిన...' బాగుందిరా. అరచేతిలో వైకుంఠం అని విన్నాను గాని, ఇది వినలేదు."

హేమసుందర్ నవ్వాడు. మాష్టారు నవ్వలేదు.

"ఏదీ, ఆ గ్రూపు ఓసారి చూపించు."

హేమసుందర్ గర్వంగానే ఫోను తీసి ఇచ్చాడు. మాష్టారు వేలితో మెల్లగా జరుపుతూ పోయారు. వీడియో, దాని కింద బొటనవేళ్లు. నోట్సు, దాని కింద బొటనవేళ్లు.

"ఇవేంట్రా?"

"అర్థమైంది అని చెప్పడం మాష్టారూ. చూడండి, నిన్నటి పాఠానికి నూట తొంభై ఆరు మంది పెట్టారు."

"మా అమ్మ కూడా పొలం కాగితాల మీద బొటనవేలే వేసేది. వాటిలో ఏం రాసుందో ఆవిడకి చచ్చేదాకా తెలీదు."

హేమసుందర్‌కి చురుక్కుమంది. మాష్టారి మాట ఎప్పుడూ అంతే అని సర్దుకున్నాడు. గోడగడియారం వంక చూశాడు. సంతకం అయితే ఐదులోపు పంపించెయ్యొచ్చు.

మాష్టారు ఇంకా వెనక్కి వెళ్తున్నారు. నెలలు వెనక్కి వెళ్తున్నారు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ చాలాసేపు చూసి, ఫోను హేమసుందర్ చేతికిచ్చారు.

"ఇది చదువు. పైకి చదువు."

అది ఛానెల్లో యాభై వేల మంది పూర్తయిన రోజు. గ్రూపంతా కంగ్రాట్స్ సార్, కంగ్రాట్స్ సార్ అని పువ్వులూ కేకులూ చప్పట్లూ. వాటి మధ్యన ఒక మెసేజి ఉంది. హేమసుందర్ చదివాడు.

"'సార్, శాంపుల్ వేరియన్స్‌లో మొత్తం సంఖ్యతో భాగించకుండా ఒకటి ఎందుకు తీసేస్తాం సార్? వీడియో మూడుసార్లు చూశాను సార్. తీసెయ్యాలి అన్నారు గాని ఎందుకో చెప్పలేదు సార్. ప్లీజ్ సార్.' బిడ్డిక జమున."

"నువ్వేం చెప్పావు?"

హేమసుందర్ కిందున్న తన జవాబూ పైకి చదివాడు. "'థాంక్యూ తల్లీ. అంతా మీ అభిమానం.'"

పక్కన దండం పెట్టే బొమ్మ కూడా ఉంది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్న సామెత ఊరికే పుట్టలేదు. దాని కింద ఆ పిల్ల 'ఓకే సార్' అని రాసి, ఒక బొటనవేలు పెట్టింది. మళ్లీ కంగ్రాట్స్ సార్‌లు మొదలయ్యాయి. గ్రూపులో రెండొందల మంది ఉన్నారు. అది కంగ్రాట్స్ కాదు సార్ అని ఒక్కరూ అనలేదు.

"ఆ రోజు వరసగా వచ్చి పడ్డాయి మాష్టారూ. అందరికీ ఒకటే జవాబు పెట్టుకుంటూ పోయాను. ఇది కూడా శుభాకాంక్షలే అనుకున్నాను."



ఆ లెక్కలో ఒకటి తీసేసి భాగించాలని పిల్లలంతా బట్టీ పెడతారు. ఎందుకని అడిగేవాళ్లు పదేళ్లకి ఒకరు వస్తారు. ఇరవై ఏళ్ల కిందట హేమసుందర్ అడిగాడు. వేసవి సెలవుల్లో ఇంటికెళ్లి, ఉండబట్టలేక మాష్టారికి కార్డు ముక్క రాశాడు. ఐదో రోజుకి జవాబు కార్డు వచ్చింది. రెండువైపులా చీమల బారులాంటి అక్షరాలు. చిరునామా రాసే జాగాలో కూడా సగం లెక్కే ఉంది. చివర 'ఇంకా అర్థం కాకపోతే మళ్లీ రాయి' అని ఉంది. అది అర్థమైన రోజున తను టీచరవ్వాలనుకున్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తుకొచ్చి హేమసుందర్‌కి తల తీసేసినట్టయింది.

"ఫోనుది తప్పేం లేదురా," అన్నారు మాష్టారు. "అది ఉండబట్టే కదా, ఇంత మంచి ప్రశ్న నీ దగ్గరికొచ్చింది. ఎవరీ పిల్ల?"

హేమసుందర్ ఆ పేరు మీద నొక్కాడు. ఫొటో ఉండే చోట గులాబీ పువ్వుంది. పేరు విన్నట్టే ఉంది. మొహం ఎంత తలుచుకున్నా రాలేదు. ఏ బెంచీలో కూర్చునేదో తెలీదు. వెతగ్గా వెతగ్గా ఫిబ్రవరిలో ఒక చిన్న బూడిదరంగు గీత కనిపించింది. జమున గ్రూపు నుంచి వెళ్లిపోయింది, అని.

"గ్రూపులో లేదు మాష్టారూ. ఫస్టియర్లో నలుగురు మధ్యలో మానేశారని ఆఫీసులో అన్నారు. అందులో ఉందేమో."

"ఏమోనా?"

హేమసుందర్ ఆ బూడిదరంగు గీతనే మళ్లీ చదివాడు.

"నంబరుందిగా. చెయ్యి."

"ఇప్పుడా మాష్టారూ? ఏమని..."

"అడిగినదానికి జవాబు చెప్పు. నేనూ వింటాను."

హేమసుందర్ ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు. నాలుగు రింగులకి ఎత్తారు. అవతల ఏదో బట్టల షాపు గోల. సినిమా పాట, దాని మీద ఎవరో "పైన మూడో ఫ్లోర్‌కెళ్లండమ్మా" అంటున్నారు.

"హలో, ఎవరండీ?"

"జమునా, నేనమ్మా, హేమసుందర్ సార్‌ని."

 అటునుంచి గొంతు తగ్గిపోయింది.

"నమస్తే సార్. సార్, కొత్త వీడియో ఇంకా చూళ్లేదు సార్. డ్యూటీలో ఫోను ముట్టుకోనివ్వరు సార్. దిగ్గానే లైకు కొట్టేస్తాను సార్."

"అది కాదు తల్లీ..."

"షేర్ కూడా చేస్తాను సార్. మా సెక్షన్లో అక్కలందరి చేతా కొట్టిస్తాను."

హేమసుందర్ మాష్టారి వంక చూడలేకపోయాడు.

"అందుకు చెయ్యలేదమ్మా. నువ్వొక ప్రశ్న అడిగావు. ఒకటి ఎందుకు తీసేస్తామని. దానికి నేను..."

అవతల పాట అయిపోయి ఇంకోటి మొదలైంది.

"అదా సార్," అంది జమున. "పరీక్షలో అదే ఇచ్చారు సార్. రాయలేదు. ఇప్పుడెందుకులెండి సార్."

"కాదమ్మా, చెబుతాను విను. రెండు నిమిషాలు..."

"కస్టమర్లొచ్చారు సార్. సూపర్‌వైజర్ చూస్తున్నారు. ఉంటాను సార్. థాంక్యూ సార్."

ఫోను కట్టయింది. హేమసుందర్ దాన్ని తీసుకోలేదు. అలాగే బల్ల మీద వెలిగి, కాసేపటికి దానంతట అదే ఆరింది. అతనికి ఏడుపొచ్చింది. నలభై మూడేళ్లవాడు లైబ్రరీలో కూర్చుని ఏడిస్తే బాగోదని ఆపుకున్నాడు.

మాష్టారు టైపు చేసిన ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టారు. సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీశారు. దాని అడుగున, కుడిపక్క, పూర్తి పేరుతో సంతకం పెట్టారు. తారీఖు వేశారు. సిరా ఆరేదాకా ఊది హేమసుందర్ ముందుకి జరిపారు.

హేమసుందర్ కాగితం వంక చూశాడు. సంతకం తప్ప అందులో ఇంకేం లేదు.

"మాష్టారూ, ఇది..."

"కింద నేను పెట్టాను," అన్నారాయన. "పైన నువ్వే రాసుకో."