చింతపండుతో తోమిన ఒంటిమీసం రూపాయి

అనగనగా ఒక అడవి. ఎంత చిక్కని అడవంటే, పొద్దున లోపలికి దూరిన ఎండ దారి తప్పి సాయంత్రానికి గానీ బయటపడేది కాదు. ఆ అడవిలో పోలమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆమె దుంపలు తవ్వడం మొదలుపెడితే పాతాళంలో పాములు పక్కలు ఎత్తి దూరంగా పరుచుకునేవట!

అంతటి పోలమ్మకు ముసలితనంలో చూపు మందగించింది. తల్లి లేని మనవడు బుడ్డన్నేమో కాలు ఒకచోట నిలవనివాడు. ఆడుతూ ఆడుతూ లోయ అంచుకు పోతాడు.

"వీడి కాళ్ళకు మువ్వల పట్టీలు వేయించాలి. కంటికి ఆనకపోయినా చెవికి వినపడతాడు. ఇనుప మువ్వలైతే వానకు తుప్పుపట్టి మూగబోతాయి. వెండివే కావాలి," అనుకుంది పోలమ్మ.

వానాకాలానికి దాచిన దుంపలన్నీ మూటగట్టి బొంతకాకి దగ్గరికి వెళ్ళింది. పాడుబడ్డ కోటలో దొరికిన వెండి నాణేలు అమ్మడం ఆ కాకి వ్యాపారం.

కాకి మూడు రకాలు ముందు పెట్టింది.

"ఇవి అరిగిపోయిన రూపాయలు పిన్నీ. తూకానికి ఇస్తాను. నీ మూటకు పది వస్తాయి. ఇవి బొమ్మ కనపడేవి, అయిదు వస్తాయి. ఇక ఇది ఒక్కటే. అచ్చు వేసినవాడి పొరపాటు వల్ల రాజుగారికి ఒకవైపే మీసం పడింది. ఇలాంటిది ఇంకెక్కడా లేదు. దీనికి నీ మూటంతా కావాలి. ఇంతకీ దేనికి?"

"దేనికైతే నీకెందుకురా? పోలమ్మ ఇంటికి అరిగిపోయినవి వస్తాయా?" అంది పోలమ్మ. ఇంత ధర పలుకుతోందంటే దీంట్లో వెండి ఎంత ఉందోనని లోపల మురిసిపోయింది. ఒంటిమీసం రూపాయే కొంది.

ఇంటికొచ్చి చూస్తే అది నల్లగా ఉంది. కంసాలి ముందు నల్ల నాణెం పెడితే పరువు పోదూ? చింతపండు, బూడిద కలిపి తోమింది. ఎంత తోమిందంటే, ఆ మెరుపుకు మిణుగురులు సిగ్గుపడి ఊరు మారాయట.

మర్నాడు కంసాలిపిట్ట దగ్గరికి వెళ్ళింది. పిట్ట గురివింద గింజలతో నాణేన్ని తూచింది.

"తులం ఉంది అత్తా."

"సరిగ్గా చూడు నాయనా. దానికి కాకి దగ్గర మూటెడు దుంపలు పోశాను."

"నువ్వు ఎంత పోశావో త్రాసుకేం తెలుసు? కొలిమికి అసలే తెలియదు. రాజుకు ఒక మీసమున్నా, రెండున్నా కరిగితే తులం వెండే. రెండు పట్టీలకు పది తులాలు కావాలి. పోయి కాకికిచ్చి అరిగిన రూపాయలు తెచ్చుకో."

పోలమ్మ పరుగున పోయింది. కాకి నాణేన్ని ఒక కంటితో చూసింది, రెండో కంటితో చూసింది. తల దించుకుంది.

"పిన్నీ, దీన్ని తోమావా?"

"అద్దంలా తోమాను."

"పాత నాణేలు ముచ్చటపడి దాచుకునేవాళ్ళు ఆ నలుపును చూసే కొంటారు. నలుపూ పోయింది, ఉన్న ఒక్క మీసమూ అరిగింది. ఇప్పుడిది తులం వెండి, అంతే. కరిగించడానికని ఒక్క ముక్క చెబితే అరిగినవే ఇచ్చేవాణ్ణి కదా."

పోలమ్మ నాణేన్ని వెనక్కి తీసుకుంది. "నువ్వు అడిగావు. నేనే చెప్పలేదు," అంది.

కాకి మనసు చివుక్కుమంది. "వానల్లో పిల్లవాడు పస్తుండకూడదు," అంటూ కొన్ని దుంపలు తిరిగి ఆమె ఒళ్ళో పోసింది.

ఆ తులం వెండితో కంసాలిపిట్ట ఒక్కటంటే ఒక్క మువ్వ చేసింది. పోలమ్మ దాన్ని బుడ్డన్న మెడలో కట్టింది. మిగతా తిండికోసం ముసలి ప్రాణం వానలో తడుస్తూ మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది.

ఒకనాడు మువ్వ లోయవైపు నుంచి మోగింది. దుంప వదిలేసి పోలమ్మ ఒక్క పరుగున వెళ్ళి బుడ్డన్నను అంచు దగ్గర పట్టేసుకుంది.

"ఇంత వానలో ఒక్క మువ్వ ఎలా వినపడింది అవ్వా?" అన్నాడు బుడ్డన్న.

"మూటెడు దుంపలు పోసి కొన్న చప్పుడురా అది. వినపడక ఏమవుతుంది?" అంది పోలమ్మ, వాణ్ణి గుండెకు హత్తుకుంటూ.

నీతి: కరిగించే వెండికి తూకం చూడాలి, దాచుకునే నాణేనికి అరుదు చూడాలి. దేనికోసం కొంటున్నామో ముందే తేల్చుకోకపోతే రెండూ దక్కవు.