చిట్టిరత్నం చూపుడువేలు

రండర్రా, ఇలా దగ్గరగా జరగండి. వెనకవాళ్లు గోడకి ఆనుకోకండి, సున్నం అంటుతుంది. కూర్చున్నారా? వినండి.

గోదావరి లంక ఊళ్లో చిట్టిరత్నం అని ఒకావిడ ఉండేది. తొమ్మిదిమంది ఆడవాళ్లను కూడగట్టి పూతరేకులు చుట్టించేది. వాళ్లకి మొదటిసారి సింగపూరు నుంచి పెద్ద బేరం వచ్చింది. అయితే తినే వస్తువు శుభ్రంగా చేయడం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే సరుకు తీసుకుంటామన్నారు. ఆ చదువంతా ఫోనులోనే. చెప్పేది వైకుంఠరావు మాస్టారు. ఆయన కోప్పడరు, వాదించరు. అడిగినదానికి తిన్నగా జవాబూ చెప్పరు.

నెల్లాళ్లు పాఠాలు విని, ఫోనులోనే పరీక్ష రాసి, చిట్టిరత్నం వందకి వంద తెచ్చుకుంది. అయినా సర్టిఫికెట్ రాలేదు. మాస్టారు వీడియోలో ఒకసారి చూడాలట. ఆవిడకి ఉక్రోషం వచ్చింది.

“వందకి వందొచ్చాక ఇంకా చూసేదేముందండి మాస్టారూ?” అంది, ఫోను బియ్యం డబ్బాకి ఆనించి.

“ఏమీ లేదమ్మా. పోస్టులో పంపిన పాఠాల పుస్తకం తీసి, నలభయ్యో పేజీలో ప్రశ్న చదువు. వింటాను.”

చిట్టిరత్నం చూపుడువేలు నాలికకి అద్దింది, పేజీ తిప్పింది. మళ్లీ అద్దింది, మళ్లీ తిప్పింది. నలభయ్యో పేజీ దొరికాక గొంతు సవరించుకుని చదివింది: “తినే పదార్థాన్ని ముట్టుకునే చేతిని నోటికి తాకించవచ్చునా?” ఆ వెంటనే తనే, “తాకించకూడదండి!” అని గట్టిగా చెప్పింది.

వెనక రేకులు చుడుతున్న అత్తగారు పాపాయమ్మ కిసుక్కున నవ్వింది. “ఓసి నీ చదువు సంతకెళ్ల! ఆ వేలెక్కడుందో చూసుకోవే.”

వేలు ఇంకా తడిగానే ఉంది. బొత్తిలోంచి పైరేకు ఒక్కటే లేవాలంటే నాలికకి అద్దుకోవడమే ఆవిడకి తెలుసు. తల్లి అలాగే చేసింది, అమ్మమ్మా అలాగే చేసింది. నవ్విన పాపాయమ్మ వేలు కూడా అప్పటికే పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

మాస్టారు తప్పు అనలేదు. “పదిరోజులాగి మళ్లీ మాట్లాడుకుందాం” అన్నారు. సరుకు పంపే గడువు చూస్తే పన్నెండు రోజులే.

చంటిపిల్లల చేత పాలు మాన్పించేటప్పుడు తల్లులు చేసే పని చిట్టిరత్నానికి గుర్తొచ్చింది. రేకుల దగ్గర వేలు అద్దుకోవడానికి ఉడకబెట్టిన గుడ్డ తడిపి పెట్టింది. పని ముగిశాక వేపాకు నూరి, అందరి వేళ్లకీ పూసి, పాత పంచాంగాలు తిరగేయించింది. మొదటిరోజంతా ‘తూ, తూ’ అంటూ ఉమ్మడమే. ఆరో రోజుకి ఉమ్ములు తగ్గాయి.

పదోరోజున మాస్టారు మళ్లీ అదే పేజీ అడిగారు. వేలు లేచింది. గడ్డం దాకా వెళ్లింది. అక్కడ కాసేపు నిలబడి, కిందికి దిగింది. పొడివేలితో, ఒక్కోసారి రెండేసి పేజీలు తిరిగిపోతూ, నలభై చేరేసరికి చాలాసేపే పట్టింది. చదవబోతుంటే మాస్టారు చాలన్నారు.

“మొన్నటి వంద మార్కులూ నీ నోటికి వేసినవమ్మా, ఇది నీ వేలికి” అంటూ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు.

సరే, లేవండి. అన్నాలు చల్లారిపోతాయి, ఇళ్లకెళ్లి తినండి. పుస్తకాలు సర్దుకునేటప్పుడు ఎవరి వేలు ఎక్కడికి పోతోందో నేను చూడనులెండి.